ఏప్రిల్‌లో ఇంగ్లండ్ పోతున్నాం, గ్రాండ్ నేషనల్‌లో పందెం ఎట్లా కాయాలి?

మిర్యాలగూడ లెక్కలాయన:

అందరికీ నమస్తే. రైస్ మిల్లులో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. మా అబ్బాయి మాంచెస్టర్‌లో ఉంటాడు. ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా పోతున్నాం. అదే నెలలో లివర్‌పూల్ పక్కన ఏంట్రీలో గ్రాండ్ నేషనల్ అనే పెద్ద గుర్రప్పందెం ఉందని, టికెట్లు తీస్తానని కోడలు అంటోంది. ఏ రోజుకు తీయమనాలి?

రేసులు నాకు కొత్త కాదు. మిల్లు పని మీద హైదరాబాద్ పోయినప్పుడల్లా మలక్‌పేటలో ఒక పూట గడిపేవాణ్ణి. కానీ అక్కడ గుర్రాలు చదును నేల మీద ఉరుకుతాయి. ఇక్కడ కంచెలు దూకాలట. బుకీల బోర్డు మీద 8/1, 20/1 అని ఉంటుంది కదా, దాని లెక్క, ‘ఈచ్ వే’ అంటే ఏందో ఎవరైనా విడమరచి చెప్పండి. మా ఆవిడ అయితే “సముద్రాలు దాటిపోయి కూడా జూదమేనా?” అని ఇప్పటి నుంచే మొదలుపెట్టింది.

ఇంకో మాట. మా గల్లీ పిలగాడు ఒకడు వాట్సాప్‌లో ఏదో యాప్ లింకు పంపి, ఇంట్లో కూచునే ఆ రేసు మీద పైసలు పెట్టొచ్చంటున్నాడు. నమ్మొచ్చా?

వనపర్తి నర్సు, లివర్‌పూల్:

అంకుల్, శనివారానికే తీయమనండి. గురువారం మొదలై మూడు రోజులు జరుగుతాయి, శుక్రవారం లేడీస్ డే, అసలు నేషనల్ శనివారం. 2024 నుంచి సాయంత్రం 4 గంటలకు పెడుతున్నారు. అంతకుముందూ తర్వాతా వేరే రేసులు ఉంటాయి కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. మాంచెస్టర్ నుంచి లైమ్ స్ట్రీట్ స్టేషన్‌కు వచ్చి, నడుచుకుంటూ సెంట్రల్ స్టేషన్‌కు పోయి, ఆర్మ్‌స్కర్క్ వైపు పోయే మెర్సీరైల్ ఎక్కండి. ఏంట్రీలో దిగితే రోడ్డుకు అవతలే రేస్ కోర్సు. కారు జోలికి పోవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

చలి సంగతి ముఖ్యం. ఏప్రిల్ అంటే మనకు మాడు పగిలే ఎండ. ఇక్కడ స్వెట్టర్ తీస్తే వణుకే. అయినా లేడీస్ డే నాడు ఇక్కడి అమ్మాయిలు చేతుల్లేని గౌన్లు వేసుకుని, హీల్స్ చేత పట్టుకుని గడ్డిలో నడుస్తుంటారు, నాకు చూస్తేనే జలుబు చేస్తుంది! ఆంటీ పట్టుచీర కట్టుకుంటే భేషుగ్గా ఉంటుంది, కానీ లోపల థర్మల్స్, పైన కోటు, కాళ్లకు బూట్లు ఉండాల్సిందే. తాగినవాళ్లు కూడా మస్తుగా ఉంటారు. ఎక్కువమంది గొడవ చేయరు, పాటలు పాడుతుంటారు, అంతే.

రేసంతా కళ్లారా కనబడుతుందని మాత్రం అనుకోకండి. కోర్సు చాలా పెద్దది. స్టాండ్స్ ముందర ‘చెయిర్’ అనే ఎత్తైన కంచె, నీళ్ల కంచె, చివరి ఉరుకుడు బాగా కనబడతాయి. పేరున్న కంచెలు బీచర్స్ బ్రూక్, కెనాల్ టర్న్ దూరంగా ఉంటాయి. వాటిని పెద్ద స్క్రీన్ మీద చూడాల్సిందే. ముగింపు గీత దగ్గర రెడ్ రమ్ సమాధి ఉంటుంది. 1973, 1974, 1977లలో మూడుసార్లు గెలిచిన గుర్రం అది. దానికి ఈ ఊరివాళ్లు ఇప్పటికీ దండం పెట్టినంత పని చేస్తారు.

పందేల లెక్క నాకు రాదు. మా వార్డులో మనిషికో పౌండు వేసుకుని, డబ్బాలోంచి గుర్రాల పేర్ల చీటీలు తీస్తాం. దాన్ని స్వీప్‌స్టేక్ అంటారు. మిగతా రోజుల్లో పందెం మొహం చూడని సిస్టర్లు కూడా ఆ రోజు టీవీ ముందు అరుస్తారు.

మలక్‌పేట పాతకాపు:

లెక్కలాయనా, మీకు లెక్కలు నేర్పే పని నాకు పడుతుందనుకోలేదు. 20/1 అంటే ఒక పౌండుకు ఇరవై లాభం, మీ పౌండు మీకు వాపసు. ఈచ్ వే అంటే రెండు పందేలు: ఒకటి గెలుపు మీద, ఇంకొకటి ‘ప్లేస్’ మీద, అంటే ముందు వచ్చే కొన్ని గుర్రాల్లో ఉండటం మీద. 5 పౌండ్ల ఈచ్ వే అడిగితే జేబులోంచి 10 పోతాయి, ఇది గుర్తుంచుకోండి. 20/1 గుర్రం, ప్లేస్‌కు ఆ రేటులో ఐదో వంతు, అంటే 4/1 అనుకుందాం. అది గెలిస్తే 105, 25 కలిపి 130 చేతికొస్తాయి. గెలవకుండా ప్లేస్‌లో వస్తే 25. ప్లేస్ అంటే మొదటి నలుగురా, ఐదుగురా, ఆరుగురా, నాలుగో వంతా, ఐదో వంతా అనేది బుకీని బట్టి మారుతుంది. బోర్డు చదివి, అడిగి, అప్పుడు పైసలివ్వండి.

మలక్‌పేట తెలివితేటలు అక్కడ సగమే పనికొస్తాయి. మన దగ్గర 1200, 1400 మీటర్ల రేసు కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. నేషనల్ దాదాపు 7 కిలోమీటర్లు, రెండు చుట్లు, 30 దూకుళ్లు. పైగా హ్యాండిక్యాప్. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, అన్నిటికన్నా పైన ఉన్నదానికి 11 స్టోన్ 12 పౌండ్లు, అంటే జాకీ, జీనుతో కలిపి 75 కిలోలు. ఆ బరువుతో ఆఖరి మలుపు తర్వాత ఇంకా ఊపిరి మిగలాలి. వేగం కన్నా దమ్ము చూడండి. మూడు మైళ్లకు పైబడిన రేసుల్లో ఆ గుర్రం ఎట్లా ముగించిందో పేపర్లో ఉంటుంది. నేనైతే దాని పేరు, రంగు, జాకీ చొక్కా ఏదీ చూడను, అదొక్కటే చూస్తా.

ఫేవరెట్, అంటే జనం ఎక్కువగా కాసే తక్కువ రేటు గుర్రం, గెలవదని కాదు. 2024లో ఐ యామ్ మాక్సిమస్ 7/1 మీద గెలిచింది. మరుసటి ఏడు 33/1 నిక్ రాకెట్ గెలిచింది. 2009లో మాన్ మోమ్ 100/1. 1967 కథ అయితే విన్నవాళ్లు నమ్మరు. 23వ కంచె దగ్గర జాకీ లేని గుర్రం అడ్డం తిరిగితే, వెనక వచ్చేవన్నీ ఒకదాని మీదొకటి గుద్దుకుని ఆగిపోయాయి. చాలా వెనకబడి వస్తున్న ఫోయినవాన్ ఆ గుంపును తప్పించుకుని దూకి, 100/1 మీద గెలిచింది. ఇప్పుడు ఆ కంచెకు దాని పేరే. అందుకే ఫేవరెట్ మీద పెద్ద మొత్తం పెట్టడం నాకు నచ్చదు. మధ్య రేటు గుర్రాలు రెండు చూసుకుని ఈచ్ వే కాయండి.

ఆ యాప్ లింకు మాత్రం ముట్టుకోకండి. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద చట్టం తెచ్చింది. పైసలు ఎవరి ఖాతాలోకి పోతాయో ఆ పిలగాడికే తెలియదు. అక్కడి గెలుపు మీద బ్రిటన్‌లో పన్ను లేదు కానీ, మీరు ఇక్కడి నివాసి కాబట్టి మన రిటర్న్‌లో చూపించాలి, 30 శాతం పన్ను. లెక్కలు రాసినవారు, మీకు చెప్పేదేముంది!

నాగర్‌కర్నూల్ పశువైద్యుడు:

అందరూ రేట్లే చెప్తున్నారు, గుర్రాల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 2023లో మొదటి కంచె దగ్గరే హిల్ సిక్స్‌టీన్ పడి చనిపోయింది. 2025లో సెలబ్రె డాలెన్ రేసులో కుప్పకూలి కొన్ని రోజులకు పోయింది. గుర్రం కాలు విరిగితే ఎందుకు అతికించరని మీరు అడగొచ్చు. అంత బరువు సన్నటి కాళ్ల మీద నిలబడాలి, వారాల తరబడి పడుకుంటే పేగులు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, మిగిలిన కాళ్ల మీద భారం పడి గిట్టలు పాడవుతాయి. అందుకే నొప్పి లేకుండా చంపేస్తారు. 2024 నుంచి 40 గుర్రాలను 34కు తగ్గించారు, మొదటి కంచెను స్టార్ట్‌కు దగ్గరగా జరిపారు, వేగం అందుకోకముందే దూకాలని. ఆ ఏడు అన్నీ క్షేమంగా వచ్చాయి, నిజమే. అయినా నేను టికెట్ కొనను. మీరు పోతే పోండి, కంచె దగ్గర పచ్చటి తెర కడితే ఏం జరిగిందో తెలిసి చూడండి.

మిర్యాలగూడ లెక్కలాయన:

డాక్టర్ గారూ, మీ మాట మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె వస్తుందట గానీ కంచెల వైపు చూడదట. పాతకాపు గారూ, లెక్క అర్థమైంది. 40 పౌండ్లు వేరే కవర్లో పెట్టుకుంటాను, అది అయిపోతే టీ తాగి రావడమే. నర్సమ్మా, బుకీ పందెం చీటీ ఇస్తాడు కదా, గెలిస్తే డబ్బు ఎప్పుడు ఇస్తారు బిడ్డా? రేసు అయిన వెంటనేనా?

వనపర్తి నర్సు, లివర్‌పూల్:

వెంటనే కాదు అంకుల్. జాకీలు దిగి తూకం వేయించుకున్నాక ‘వెయిడ్ ఇన్’ అని మైకులో చెప్తారు, అప్పుడు అదే బుకీ దగ్గరికి పోవాలి. బోర్డు మీది పేరు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, అందరి గొడుగులూ ఒకేలా ఉంటాయి. ఆ ప్రకటన వినబడేదాకా చీటీ పారేయకండి.