1870 యుద్ధం: సిగ్మారింగెన్ కుటుంబం పావా, ఆటగాడా?

పాతపటం:
హోహెన్‌జోలెర్న్ వంశం అనగానే జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజులే గుర్తొస్తారు. దక్షిణ జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున, సిగ్మారింగెన్‌లో, అదే వంశానికి ఒక చిన్న క్యాథలిక్ శాఖ ఉంది. 1870లో ఆ ఇంటి పెద్దకొడుకు లియోపోల్డ్‌కి స్పెయిన్ సింహాసనం ఇస్తామన్నారు. ఫ్రాన్స్ భగ్గుమంది, యుద్ధం వచ్చింది. ఇదంతా ప్రష్యా ప్రధాని బిస్మార్క్ పన్నిన వల, పాపం వీళ్లు పావులు అంటుంటారు. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు.

రైల్వేకాలనీ:
పావులే అండీ. 1849లోనే రాజ్యం ప్రష్యాకి రాసిచ్చేశారు. ఇక సొంత సైన్యం ఎక్కడిది? లియోపోల్డ్ మొదట వద్దనే అన్నాడు. మే నెలాఖర్లో బిస్మార్క్ మళ్లీ తండ్రి కార్ల్ అంటోన్‌కి ఉత్తరం రాశాకే ఒప్పుకున్నాడు.

పాతపటం:
రాజ్యం రాసిచ్చి మూల కూర్చున్నారా? అదే కార్ల్ అంటోన్ 1858లో ప్రష్యా ప్రధానమంత్రి అయ్యాడు. ఒక కూతుర్ని పోర్చుగల్ రాజుకిచ్చాడు, ఇంకో కూతుర్ని బెల్జియం రాజు తమ్ముడికిచ్చాడు. పెద్దకోడలు పోర్చుగల్ రాకుమారి. 1866లో రెండో కొడుకు కార్ల్‌ని రుమేనియా పిలిచింది. అప్పటికి ప్రష్యా, ఆస్ట్రియా కత్తులు నూరుకుంటున్నాయి. దారి ఆస్ట్రియా మీదుగానే. దాంతో ఆ కుర్రాడు స్విస్ పాస్‌పోర్టు మీద, దొంగపేరుతో, కళ్లద్దాలు పెట్టుకుని, సెకండ్ క్లాసు రైల్లో వెళ్లాడు. దొరికితే ఏమయ్యేదో! సింహాసనం మీద అంత ఆశ ఉన్న ఇల్లది. స్పెయిన్ విషయంలో లియోపోల్డ్ కాదన్నప్పుడు తండ్రి ఇంకో కొడుకు ఫ్రీడ్రిష్‌ని అడిగాడు. పావు అలా చేస్తుందా?

గోదారిగట్టు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. కార్ల్ అంటోన్ తల్లి నెపోలియన్ సేనాని మ్యురాకి అన్నగారి కూతురు. అత్తగారు స్టెఫనీ అయితే నెపోలియన్ దత్తపుత్రికే. బెర్లిన్ శాఖతో చూస్తే 13వ శతాబ్దంలోనే విడిపోయిన జ్ఞాతులు. బంధుత్వం లెక్కన పారిసే దగ్గర! రుమేనియాకి కార్ల్ వెళ్తే ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అడ్డు చెప్పలేదు కూడా. స్పెయిన్‌కీ అలాగే సరిపెట్టుకుంటాడని వీళ్లు అనుకుని ఉండొచ్చని నా ఊహ. కానీ అటు ప్రష్యా, ఇటు స్పెయిన్ కలిసి ఫ్రాన్స్‌ని బిగించే సింహాసనం అది. కోరి కొరివితో తల గోక్కున్నట్టయింది.

రైల్వేకాలనీ:
పెళ్లిళ్లు పేరంటాలు సరే. చివరికి జరిగిందేమిటి? జూలై 12న కొడుకు తరఫున తండ్రే తప్పుకున్నాడు. కొడుకేమో ఆల్ప్స్ కొండల్లో ఉన్నాడు. మర్నాడే ఎమ్స్ టెలిగ్రాంని, అంటే ఫ్రాన్స్ రాయబారితో ప్రష్యా రాజు మాటల గురించి ఎమ్స్ ఊరి నుంచి వచ్చిన తంతిని, బిస్మార్క్ రెచ్చగొట్టేలా కత్తిరించి పత్రికలకి వదిలాడు. 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. సింహాసనమూ లేదు, అభ్యర్థీ లేడు, యుద్ధం మాత్రం ఆగలేదు.

పాతపటం:
నా వాదనా అదే కదండీ. ఆ విరమణతో బిస్మార్క్ రాజీనామా చేద్దామా అన్నంతగా డీలా పడ్డాడు. అతని ఆట కాసేపు ఆపగలిగింది ఈ ఇంటివాళ్లే. ఇంకోటి, లియోపోల్డ్ కొడుకు ఫెర్డినాండ్ రుమేనియా రాజయ్యాక, 1916లో జర్మనీ మిత్రదేశం మీదే యుద్ధం ప్రకటించాడు. జర్మన్ చక్రవర్తి కైజర్ అతన్ని వంశంలోంచి కొట్టేశాడు.

రైల్వేకాలనీ:
1916 సంగతి 1870కి సాక్ష్యం ఎలా అవుతుందండీ? విరమణ గురించి మాత్రం ఆలోచిస్తాను. స్పెయిన్ దూతలకి ఈ ఇంటి గుమ్మం చూపించింది ఎవరో ముందు అది తేల్చండి.