అన్నీ సరిగ్గా ఉండాలన్న పట్టింపు ఒంటి మీదికి మళ్లితే?

ప్రశ్న (నల్లగొండ):
డిగ్రీ చదువుతున్న మా చెల్లెలు రికార్డు పుస్తకంలో ఒక్క గీత వంకరపోయినా పేజీ చింపి మళ్లీ రాస్తుంది. ఈ మధ్య అదే పట్టింపు ఒంటి మీదికి మళ్లి, నడుము లావైందంటూ రాత్రి అన్నం మానేసింది. బతుకమ్మ ఫొటోల్లో తానున్నవన్నీ తీసేయించింది. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

జవాబు 1:
ఉందండి. మనస్తత్వవేత్తలు పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో పరిపూర్ణతావాదాన్ని, అంటే అన్నీ లోపం లేకుండా ఉండాలన్న పట్టింపును, మూడు రకాలుగా విడదీశారు: తననుంచి తాను ఆశించేది, ఇతరులనుంచి ఆశించేది, ఇతరులు తననుంచి ఆశిస్తున్నారని నమ్మేది. కుంగుబాటుతో గట్టిగా ముడిపడినది మూడోదే, ఎందుకంటే కొలత ఎదుటివారి చేతిలో ఉందనుకున్న మనిషికి ఎంత సాధించినా చాలదనిపిస్తుంది. పైగా మార్కులను దాచుకోవచ్చు కానీ శరీరాన్ని దాచలేం కదా.

జవాబు 2 (మహబూబ్‌నగర్):
పెద్ద లక్ష్యాలు పెట్టుకోవడమే తప్పన్నట్టు మాట్లాడకూడదు. తప్పు జరిగినప్పుడు తనను తాను ఎంత కఠినంగా తిట్టుకుంటుందన్నదే అసలు విషయం. పెండ్లికి పోయినప్పుడల్లా "జర బక్కగైతే మంచిగుంటవ్" అనే చుట్టాల నోటికి ముందు తాళం వేయండి.

జవాబు 3:
తిండి మానేయడాన్ని మాత్రం తేలికగా తీసుకోకండి. బరువు తగ్గుతున్నా, నెలసరి తప్పుతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. "సన్నగానే ఉన్నావు" అని ఓదార్చడం కూడా ఒంటి మీద తీర్పే కాబట్టి, తిననప్పుడు తనకెలా ఉంటోందో అడగండి.