సిసీలియా బో: "ఆడవాళ్లలోకెల్లా గొప్ప చిత్రకారిణి" అనడం మెప్పా, గిరి గీయడమా?

కుంచెపుల్ల:

1899లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఫిలడెల్ఫియా చిత్రకారిణి సిసీలియా బోకు బంగారు పతకం ఇచ్చింది. తల్లీకూతుళ్లు పక్కపక్కన నిలబడిన నిలువెత్తు పోర్ట్రెయిట్‌కి. ఆ సందర్భంలో విలియం మెరిట్ చేజ్, అప్పటికే అమెరికాలో పేరుమోసిన చిత్రకారుడు, ఆమె గురించి రెండు మాటలన్నాడు. ఇప్పుడు బతికున్న ఆడ చిత్రకారుల్లోనే కాదు, ఇంతవరకు పుట్టిన వాళ్లందరిలోనూ ఈమే గొప్ప అన్నది ఒకటి. కళలో ఆడా మగా తేడాను ఈమె పూర్తిగా తుడిచేసిందన్నది రెండోది.

తేడా తుడిచిపెట్టుకుపోతే ఆడవాళ్ల వరుస మళ్లీ ఎక్కడిది? నా మటుకు నాకు అది మెప్పు కాదు, చుట్టూ గీసిన గిరి. మీరేమంటారో చెప్పండి.

ఆమె చెయ్యి ఎలా తయారైందో కూడా కొంచెం చెబుతాను. 1855లో పుట్టింది. పుట్టిన పన్నెండో రోజుకు తల్లి పోయింది. తండ్రి ఫ్రాన్స్ మనిషి, పట్టు వ్యాపారి, పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి తన దేశం వెళ్లిపోయాడు. పదహారేళ్లప్పుడు బంధువుల్లోనే ఒక చిత్రకారిణి దగ్గర పాఠాలు మొదలుపెట్టింది. తర్వాత ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ అనే శాస్త్రవేత్త దగ్గర, అమెరికా భూగర్భ సర్వే ప్రచురణల కోసం శిలాజాల బొమ్మలు రాతి అచ్చుకు గీసింది. ఎముకకు ఎక్కడ గుంట పడిందో, ఏ అంచు విరిగిందో వెంట్రుకవాసి తేడా లేకుండా దించాలి. అందంగా చేస్తానంటే కుదరదు. మనిషి ముఖం దించబోయేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు.

ఆ తర్వాత పింగాణీ పళ్లేల మీద పిల్లల ముఖాలు. ఫొటో చూసి గీసి, రంగులు వేసి, కాల్పించి ఇవ్వడం. తల్లిదండ్రులు వాటిని చూసి సంతోషంతో కన్నీళ్లు పెట్టుకునేంత పనయ్యేదట. ఆమె మాత్రం తన ఆత్మకథలో ఆ రోజులను సిగ్గుపడుతూ తలుచుకుంది. డబ్బు కోసం చేసిన పనుల్లో అంత కిందికి ఇంకెప్పుడూ దిగలేదని రాసింది.

అది చదివాక నాకు కాసేపు చెయ్యి ఆడలేదు. మాది రాజమండ్రి. ఫోన్లో పంపే ఫొటోలు చూసి పెన్సిల్ పోర్ట్రెయిట్లు గీసిస్తాను, షష్టిపూర్తులకు, సంవత్సరీకాలకు. బుగ్గ మీద ముడత తీసెయ్యమంటారు, తీసేస్తాను. రెండేళ్ల కిందట ఒక పోటీకి బొమ్మ పంపితే, ఫలితాల్లో "మహిళా విభాగం, ప్రథమ బహుమతి" అని వచ్చింది. నేను ఏ విభాగానికీ దరఖాస్తు చెయ్యలేదు. అలాంటి విభాగం ఉందని కూడా ఎవరూ చెప్పలేదు. అందుకే చేజ్ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

తుంగభద్ర ఒడ్డు:

మీ పోటీ సంగతి అన్యాయమే, అందులో వాదన లేదు. కానీ సిసీలియా బో విషయంలో ఆ వేరే వరుసే ఆమెకు తలుపు తీసింది, అది మరిచిపోకూడదు.

1885లో ఆమె మొదటి పెద్ద బొమ్మకు పెన్సిల్వేనియా అకాడమీ అనే చిత్రకళా సంస్థ ప్రదర్శనలో మేరీ స్మిత్ బహుమతి వచ్చింది. అది ఫిలడెల్ఫియాలో ఉండే ఆడ చిత్రకారులకే ఇచ్చేది. రస్సెల్ స్మిత్ అనే చిత్రకారుడు, తనలాగే బొమ్మలు వేస్తూ చిన్న వయసులో చనిపోయిన కూతురి పేరు మీద పెట్టాడు. బో దాన్ని నాలుగుసార్లు గెలుచుకుంది: 1885, 1887, 1891, 1892. ఆ బహుమతే లేకపోతే, ఊళ్లో అలాంటి ఒక మనిషి ఉందని ఎంతమందికి తెలిసేది?

పారిస్ చూడండి. ముప్ఫై రెండేళ్ల వయసులో, 1888లో వెళ్లింది. అక్కడి ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ 1897 దాకా ఆడవాళ్లను చేర్చుకోనే లేదు. చేర్చుకున్నది అకాడమీ జూలియన్ అనే ప్రైవేటు బడి, అదీ వేరే గదిలో, మగవాళ్లు కట్టేదానికి దాదాపు రెట్టింపు ఫీజుతో. "నన్ను అందరితో పాటు చూడండి" అనడానికి ఆ "అందరి" వరుసలోకి అడుగే పెట్టనివ్వలేదు. ఆడవాళ్ల బోగీ ఉండబట్టే మా అమ్మమ్మ ఒంటరిగా గుంతకల్లు నుంచి మద్రాసు వెళ్లగలిగింది. నేను ఆ బోగీని తక్కువ చేసి మాట్లాడలేను.

కుంచెపుల్ల:

తుంగభద్ర గారూ, బోగీ మాట ఒప్పుకుంటాను. మేరీ స్మిత్ బహుమతి గురించి నేను అలా ఆలోచించలేదు. ఒక తండ్రి కూతురిని తలుచుకుని పెట్టిన బహుమతి వేరు, దాన్ని గిరి అనను.

కానీ రైలు దిగిన మనిషిని కూడా బోగీ పేరుతోనే పిలిస్తే? 1895 నుంచి ఆమె అదే అకాడమీలో పోర్ట్రెయిట్ పాఠాలు చెబుతోంది, అక్కడ పూర్తికాల అధ్యాపక పదవిలోకి తీసుకున్న మొదటి మహిళ. 1896లో, ఏటా జరిగే పెద్ద చిత్రప్రదర్శన అయిన పారిస్ సలోన్‌లో ఆమెవి ఆరు బొమ్మలు ఒక్కసారే పెట్టారు. చేజ్ ఆ మాట అన్నది ఇవన్నీ అయ్యాక.

ఎర్రమట్టి:

నేను ఇద్దరితోనూ విభేదిస్తాను. ఆ గిరి కొంత ఆమె గీసుకున్నదే.

ఆమె చదువుకునే రోజుల్లో అదే పెన్సిల్వేనియా అకాడమీలో థామస్ ఈకిన్స్ అనే చిత్రకారుడు పాఠం చెబుతున్నాడు. శరీరాన్ని ఉన్నదున్నట్టు చూడాలని పట్టుబట్టిన మనిషి. ఆడపిల్లలున్న క్లాసులో మగ మోడల్ నడుము గుడ్డ తీసేసినందుకు 1886లో అతన్ని బయటికి పంపారు. బో తన ఆత్మకథలో ఏం రాసింది? ఆయనంటే గౌరవమే కానీ, ఏదో ఆత్మరక్షణ బుద్ధి తనను ఆ మాయవలయానికి బయటే ఉంచిందని. అకాడమీ రికార్డుల్లో మాత్రం 1876-78 మధ్య ఆమె పేరు విద్యార్థుల్లో ఉంది! అక్కడ చదివిన సంగతే చెప్పకుండా వదిలేసింది.

మర్యాదస్తుల ఇంటి పిల్లగా కనబడాలి, మర్యాదస్తులే బొమ్మలు గీయించుకోవడానికి రావాలి. వచ్చారు కూడా. 1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ భార్యనూ కూతురినీ కూర్చోబెట్టి గీసింది. పట్టు గౌన్లు అద్భుతంగా గీసిందని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ ఈకిన్స్ గీసిన ముఖాల్లో ఉండే బరువు నాకు అక్కడ దొరకదు. జాగ్రత్తగా బతికిన మనిషి బొమ్మలో ఆ జాగ్రత్త కనిపిస్తుంది.

రాత్రిబడి:

ఎర్రమట్టి అన్నా, జాగ్రత్త పడకపోతే ఏమయ్యేదో కూడా చెప్పు. ఈకిన్స్ ఉద్యోగం పోయినా ఈకిన్స్‌గానే మిగిలాడు. అదే గదిలో ఉన్న ఆడపిల్ల పేరు చెడితే ఆమె దగ్గర కూర్చుని బొమ్మ గీయించుకోవడానికి ఏ తల్లి తన పిల్లను పంపేది? పోర్ట్రెయిట్ పని కొండల బొమ్మలు వేసుకోవడం లాంటిది కాదు, మనుషులు నమ్మి గుమ్మం తొక్కాలి. పైగా ఆమె పాఠాలకు డబ్బు కట్టింది తల్లి తోబుట్టువు భర్త విలియం బిడిల్. ఆయనకు అకాడమీ క్లాసులు ఇష్టం లేదు. డబ్బు కట్టేవాళ్ల మాట కాదనడం అంత తేలికా?

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. ఆమె పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లు లేక కాదు. పెళ్లీ, పనీ రెండూ ఒక చేతిలో పట్టవని తేల్చుకుంది. ఆ తేల్చుకోవడానికి వెనక ఇల్లు ఒకటుంది. ఇంటి పనులు ఆమె మీద పడకూడదని, మొదట ఆమె చిత్రకారిణి అని అమ్మమ్మ, తల్లి తోబుట్టువులు కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అక్క ఎయిమీ ఎర్నెస్టాకు ఆరుగురు పిల్లలు. ఆ అక్కే, ఆ పిల్లలే ఆమెకు మోడళ్లు కూడా. ఆమె ఈజిల్ ముందు నిలబడ్డ ప్రతి పగలూ ఇంకో ఆడమనిషి వంటింట్లో నిలబడింది. "ఆడవాళ్లలో గొప్ప" అన్న మాటలో ఆ ఆడవాళ్లూ ఉంటే, నాకు ఆ మాట మీద కోపం రాదు.

పిల్లికళ్లు:

బొమ్మ చూడకుండా ఇంత మాట్లాడుకుంటున్నాం. "సీతా అండ్ సరీతా" చూడండి. 1893-94లో వేసింది, పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. పేరు చూసి మన సీత అనుకున్నాను, కాదు. సరీతా అంటే స్పానిష్‌లో సారా ముద్దుపేరు, దాన్ని ఇంకా చిన్నది చేస్తే సీతా. అది పిల్లి పేరు! సారా చిత్రకారిణికి బంధువు. తెల్ల గౌను, భుజం మీద నల్ల పిల్లి. అమ్మాయి నల్లజుట్టు ఎక్కడ ఆగి పిల్లి బొచ్చు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. ఆమె ఎటో చూస్తుంటుంది. పిల్లి మాత్రం సూటిగా మనల్నే చూస్తుంది. ఎర్రమట్టి గారూ, జాగ్రత్త అన్నారు కదా, ఆ రెండు కళ్లలో నాకు ఎక్కడా జాగ్రత్త కనబడలేదు.

ఎర్రమట్టి:

చూశాను. గౌను తెలుపులో ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టబోయి ఆగిపోయాను. రికార్డుల సంగతిలో నా మాట మీదే ఉంటాను కానీ, బరువు లేదన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

కుంచెపుల్ల:

రాత్రిబడి గారి మాట నన్ను పట్టుకుంది. మేరీ స్మిత్ బహుమతి వచ్చిన ఆ మొదటి బొమ్మనే మళ్లీ చూశాను. నల్లబట్టల్లో అక్క, ఒళ్లో పెద్దకొడుకు హెన్రీ, కాళ్లు బారజాపుకుని, ఒళ్లో ఇమడనంత ఎదిగిన పిల్లాడు. "బాల్యపు చివరి రోజులు" అని ఫ్రెంచిలో పేరు పెట్టింది. తల్లి చేతులూ పిల్లాడి చేతులూ కలిసేది బొమ్మ నడిమధ్యన. చూపు ముఖాల కంటే ముందు అక్కడికే పోతుంది. తల్లి చేతులు ఎలా ఉంటాయో పన్నెండు రోజుల తర్వాత ఎరగని మనిషి వేసిన బొమ్మ అది. శిలాజాల దగ్గర నేర్చిన కొలతా ఉంది, ఇంట్లో రోజూ చూసిన చేతులూ ఉన్నాయి.

చేజ్ మీద నా అభిప్రాయం మారలేదు. ఈ చేతులు చూసి "ఇంత బాగా చేతులు వేసినవాళ్లను నేను చూడలేదు" అని ఊరుకుంటే సరిపోయేది.

వచ్చే ఆదివారానికి నాకో ఆర్డర్ ఉంది, ఎనభై దాటిన నాయనమ్మ బొమ్మ. ఫొటో పంపారు, ముడతలు తీసెయ్యమని ఎప్పటిలాగే రాశారు. ఫోన్ చేసి, ఆవిణ్ణి ఒక్క గంట నా ఎదురుగా కూర్చోబెట్టమని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక నుంచి ఆవిడ గొంతే వినబడింది, "వస్తానని చెప్పండ్రా".