మద్రాస్ పోలీసులో పనిచేసిన ముత్తాతగారి పతకాలు: వివరాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

నమస్కారం. మా ముత్తాతగారు మద్రాస్ ప్రెసిడెన్సీ పోలీసు శాఖలో చేరి, గోదావరి, విశాఖపట్నం జిల్లాలలో పనిచేసి, ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశారు. ఆయన పతకాలు రెండు ఇటీవల నా చేతికి వచ్చాయి. మొదటిది కంచుది. ముందువైపు ఐదవ జార్జి రూపం, వెనుకవైపు ఆకుల దండ మధ్య ‘ఇండియన్ పోలీస్’ అన్న అక్షరాలు, ‘ఫర్ డిస్టింగ్విష్డ్ కాండక్ట్’ అన్న మాటలు ఉన్నాయి. అంచు చుట్టూ ఆయన హోదా, పేరు సన్నగా చెక్కారు. రెండవది వెండిది. దాని మీద రాజు, రాణి ఇద్దరి రూపాలూ ఉన్నాయి గాని, పేరు ఎక్కడా లేదు. ఈ పతకాలు ధరించి యూనిఫారంలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో కూడా ఒకటి ఉంది.

అల్లూరి సీతారామరాజు కోసం మన్యంలో గాలించిన దళంలో ఆయన ఉన్నారని, అందుకే కంచు పతకం ఇచ్చారని మా బంధువులలో కొందరు గర్వంగానూ, కొందరు కాస్త గొంతు తగ్గించీ చెబుతుంటారు. ఇది నిజమై ఉండవచ్చా? రెండవ పతకం ఏమిటి? ఆయన ఉద్యోగ జీవితానికి సంబంధించిన కాగితాలు ఎక్కడ దొరకవచ్చు? తెలిసినవారు దయచేసి దారి చూపగలరు.

మొదటి సమాధానం

మీరు వర్ణించినది ఇండియన్ పోలీస్ మెడల్. దీనిని నెలకొల్పినది 1932 ఫిబ్రవరిలో. సీతారామరాజు మరణించినది 1924 మే 7న. అంటే మన్యం పోరాటం జరిగిన కాలంలో ఈ పతకమే లేదు. ఆనాడు పోలీసు ఉద్యోగికి ఇవ్వదగిన ఉన్నత పతకం 1909లో ఏర్పడిన కింగ్స్ పోలీస్ మెడల్. అది వెండిది కనుక మీ దగ్గర ఉన్నదానితో పొరబడే అవకాశం లేదు. సైనిక పతకాల వైపు చూసినా ఫలితం ఇదే. 1908 నాటి ఇండియా జనరల్ సర్వీస్ మెడల్‌కు ‘మలబార్ 1921-22’ అన్న పట్టీ (రిబ్బను మీద తగిలించే, పోరాటం పేరున్న లోహపు బద్ద) ఉంది గాని, రంప మన్యం పేరుతో పట్టీ లేదు. ఆ పోరాటాన్ని ప్రభుత్వం యుద్ధంగా గుర్తించడానికి ఇష్టపడలేదేమో అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

అంతమాత్రాన మీ ఇంటి కథను పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. ఈ పతకం ఒకే ఒక్క సాహసానికి కాక, ఏళ్ల తరబడి చేసిన మంచి సేవకు ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. 1932 తరువాత పై అధికారులు ఆయన పేరును సిఫారసు చేస్తూ, గత సేవలలో భాగంగా మన్యం విధులను కూడా ప్రస్తావించి ఉండవచ్చు. అది తేల్చవలసినది ఆ సిఫారసు కాగితమే తప్ప పతకం కాదు. పతకం చెప్పగలిగినది కాలం గురించి మాత్రమే, అది మాత్రం బాగానే చెబుతుంది: ఐదవ జార్జి రూపం ఉంది కనుక ఇది 1932కూ, 1936 ప్రాంతానికీ మధ్యది. వెనుక ఉన్న మాటలు కూడా దీనికి సరిపోతున్నాయి. 1944లో వాటిని తీసివేసి, సాహసానికి ఒక రకం, ప్రశంసనీయ సేవకు మరొక రకం అని విడదీశారు.

వెండి పతకం వెనుకవైపు తేదీ చూడండి. 1910 మే 6, 1935 మే 6 అని ఉంటే అది రజతోత్సవ పతకం. 1937 మే 12 అని ఉంటే ఆరవ జార్జి పట్టాభిషేక పతకం. ఈ రెండింటినీ పేరు చెక్కకుండానే పంచారు. అందువల్ల అది ఆయనదేనని అనడానికి మీ ఫొటోయే ఆధారం. అయితే రిబ్బను రంగులను ఫొటోలో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. రజతోత్సవ రిబ్బను మధ్య భాగం ఎరుపు, పట్టాభిషేక రిబ్బనుది నీలం. ఆ కాలపు చాలా ఫిల్ములలో ఎరుపు నల్లగానూ, నీలం లేతగానూ పడేది.

చివరిగా ఒక మనవి: పతకాలను చింతపండుతో గాని, పాలిష్‌తో గాని తోమవద్దు. అంచు మీది అక్షరాలు అరిగిపోతే మీకున్న అతి గట్టి సాక్ష్యం పోయినట్లే.

రెండవ సమాధానం

కాగితాల సంగతి నేను చెబుతాను. అన్నిటికన్నా ముందు గమనించవలసినది, ఇన్‌స్పెక్టరు గెజిటెడ్ హోదా కాదు. సివిల్ లిస్టులు, ‘హిస్టరీ ఆఫ్ సర్వీసెస్’ సంపుటాలు ప్రధానంగా గెజిటెడ్ అధికారులవి. డిప్యూటీ సూపరింటెండెంటు, అంతకు పై వారి బదిలీలు, సెలవులు వాటిలో వరుసగా దొరుకుతాయి. మీ ముత్తాతగారి పేరు అక్కడ కనిపించకపోతే ఆయన ఉద్యోగమే చేయలేదని నిరాశపడవద్దు. ఆయన సర్వీసు పుస్తకం జిల్లా పోలీసు కార్యాలయంలో ఉండి ఉంటుంది. అటువంటివి గడువు తీరాక చాలావరకు నాశనం చేసేవారు.

మీకు పనికివచ్చేవి మూడు చోట్ల ఉంటాయి. పతకం ప్రకటన గెజెట్ ఆఫ్ ఇండియాలో రావాలి. ఇటువంటి జాబితాలు ప్రధానంగా నూతన సంవత్సరానికీ, జూన్‌లో రాజు పుట్టినరోజుకూ వెలువడేవి కనుక, 1932 నుంచి 1936 వరకు ఆ రెండు సందర్భాల సంచికలు చూస్తే చాలు. ఏడాది పొడవునా తిరగవేయనక్కరలేదు. రెండవది మద్రాసు ప్రభుత్వ పత్రిక అయిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్, దానితోపాటు మద్రాసు పోలీసు పరిపాలన వార్షిక నివేదికలు. మూడవదీ, అన్నిటిలోకీ విలువైనదీ, సిఫారసు ఉన్న జీవో. ఇది చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో దొరికే అవకాశం ఎక్కువ. పాత మద్రాస్ రికార్డ్ ఆఫీసు అదే. పోలీసు వ్యవహారాలను చూసిన శాఖ పేరు కాలాన్ని బట్టి మారింది కనుక నేరుగా ఫైలు అడగకుండా ముందు ఆ సంవత్సరపు సూచికలు అడగండి. మన్యం పోరాటం తాలూకు రహస్య ఫైళ్లు కొన్ని పబ్లిక్ శాఖ అండర్ సెక్రటరీ సేఫ్ వరుసలో ఉన్నాయి. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ సూచికను అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో ఇంటి నుంచే వెతకవచ్చు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల దాకా వెళ్లవలసిన అవసరం మీ విషయంలో చివరిదే.

జిల్లాల పేర్లు చూసుకోండి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. అందువల్ల ‘గోదావరి జిల్లా’ అన్న మాటకు ఆ ఏడాదికి ముందు ఒక అర్థం, తరువాత మరొక అర్థం. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి కొంత భాగం 1936లో ఒరిస్సాకు వెళ్లింది. ఇంగ్లీషులో ఇంటిపేరు స్పెల్లింగును ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క విధంగా రాసేవాడు. పేరుకు ముందు ఎం.ఆర్.ఆర్.వై., అంటే మహారాజరాజశ్రీ, చివర గారు, పంతులు, నాయుడు వంటివి చేరుతాయి. కంప్యూటరులో పూర్తి పేరు కొట్టి ఏమీ రాలేదని ఆపేసేవారు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వెండి పతకం మీద 1935 అనే ఉంది. మరొక సందేహం. ఆయన ఉద్యోగ కాలంలోనే సహాయ నిరాకరణం, ఉప్పు సత్యాగ్రహం జరిగాయి. ఆ రోజులలో ఆయన ఏ పక్కన నిలబడి ఏం చేశారో కూడా రాయాలనుకుంటున్నాను. ప్రభుత్వ కాగితాలలో ఆయనను పొగిడే మాటలే ఉంటాయి కదా?

మూడవ సమాధానం

ఉంటాయి. సిఫారసు రాసినవాడు పతకం ఇప్పించడానికే రాస్తాడు. కాబట్టి ముందు ఆయన ఏ నెలలో ఏ సర్కిల్‌లో ఉన్నారో తేల్చుకొని, ఆ ఊళ్ల వార్తలను ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలలో చదవండి. లాఠీచార్జీ గాని, అరెస్టు గాని జరిగిన చోట పత్రికలు చాలాసార్లు అధికారి పేరునో, కనీసం హోదానో ఇచ్చేవి. అదే కాలానికి మద్రాసు ప్రభుత్వం పంపిన పక్ష నివేదికలు, అంటే పదిహేను రోజులకొకసారి రాసేవి, నేషనల్ ఆర్కైవ్స్ హోం పొలిటికల్ ఫైళ్లలో ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే ఏ వాక్యం ఎవరిదో తెలుస్తుంది. సత్యాగ్రహుల మీద నడిచిన కేసులలో ఇన్‌స్పెక్టర్లు ప్రాసిక్యూషన్ సాక్షులుగా నిలిచేవారు. తీర్పు ప్రతి దొరికితే ఆయన కోర్టులో చెప్పిన మాటలు కూడా చదవగలరు. మీ ప్రాంతపు స్వాతంత్ర్య సమరయోధుల స్మృతులు అచ్చయి ఉంటే వాటినీ వదలవద్దు.

ఒక్క విషయం మాత్రం తొందరపడి రాయవద్దు. ఒక ఊళ్లో కాల్పులు జరిగిన రోజున ఆయన ఆ సర్కిల్ ఇన్‌స్పెక్టరు అయినంత మాత్రాన ఆదేశం ఇచ్చినది ఆయనే అనుకోలేము. చాలా సందర్భాలలో మేజిస్ట్రేటు అక్కడే ఉండేవాడు. విచారణ జీవోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది ఉంటుంది. అది దొరికేదాకా ఆ పేరా ఖాళీగా ఉంచండి.