అబ్బాయికి మెడికల్ గ్రేడు పెస్ సీ2 వచ్చింది, సింగపూర్ ఎన్ఎస్‌లో (తప్పనిసరి సైనిక సేవ) ఏం పని ఇస్తారు?

పుంగోల్ నాన్న
అందరికీ నమస్కారం. మా పెద్దవాడు పాలిటెక్నిక్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. మేం 2009లో సింగపూర్ పీఆర్ తీసుకున్నాం. మొదటి తరం కాబట్టి నాకు ఎన్ఎస్ లేదు, వాడికి ఉంది. కాగితాల మీద సంతకం పెట్టిన రోజు వాడికి మూడేళ్లు. పద్దెనిమిదేళ్లకి మిలటరీ అంటే అప్పుడు ఏ కాలానో జరిగే సంగతిలా అనిపించింది.

పోయిన నెల ఎన్ఎస్‌కి పిలిచే ఆఫీసు సీఎంపీబీలో మెడికల్ అయింది. రక్తం, మూత్రం, ఈసీజీ, కళ్లు, చెవులు, పళ్లు, ఏదీ వదల్లేదట. చిన్నప్పటి ఆస్తమా గురించి ఆన్‌లైన్ ఫారంలో మేమే రాశాం, హెల్త్ బుక్‌లెట్‌లోనూ ఉంది. మొదట పెస్ డీ అన్నారు. డీ అంటే ఫెయిల్ అనుకుని మా ఆవిడ ఒక పూట అన్నం తినలేదు. ఇంకా తేల్చలేదు అని మాత్రమే దానర్థమని తర్వాత తెలిసింది. ఆస్పత్రికి పంపి మందు పీల్పించి ఊదించే పరీక్ష చేయించారు. ఇప్పుడు సీ2 అని వచ్చింది.

వాడికి గార్డ్స్‌లో, అంటే ముందుండి పోరాడే దళంలో, చేరాలని ఆశ. రెండు రోజులుగా గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. సీ2 అంటే ఇక గుమాస్తా పనేనా? మళ్లీ చూడమని అడగొచ్చా? ఇంకో బాధ, ఊళ్లో మా నాన్న అప్పుడే వీధంతా "మనవడు మిలటరీలో చేరుతున్నాడు" అని చెప్పేశారు. ఆయనకి ఏం చెప్పను?

బీ1 బ్యాచ్ 2016
అన్నా, ముందు అక్షరాల సంగతి చెప్తాను, మిగతాది తర్వాత. 'ఏ', 'బీ1' వాళ్లని దాదాపు ఎక్కడైనా వేయొచ్చు. ఇన్‌ఫాంట్రీ, గార్డ్స్, కమాండో, నేవల్ డైవర్స్ అన్నీ తెరిచే ఉంటాయి. బీ2 అయితే పోరాట విభాగాల్లో కొన్నే. బీపీ అంటే బరువు కేసు. నా కాలంలో బీఎంఐ 27 దాటితే అందులో వేసి, బేసిక్ ట్రైనింగ్ 9 వారాల బదులు 19 వారాలు చేయించేవాళ్లు. సీ అయితే పోరాట విభాగాలు పోతాయి, వాటికి వెనక నుంచి అండగా ఉండే పనులు మిగులుతాయి. 'ఈ' గ్రేడు అంటే ఎక్కువగా ఆఫీసు పని. ఎఫ్ అంటే సర్వీసే లేదు.

నాది బీ1. చేరకముందే ఫిట్‌నెస్ పరీక్ష ఐపీపీటీలో 61 మార్కులు దాటాను కాబట్టి రెండేళ్లలో 8 వారాలు తగ్గి 22 నెలలు చేశాను. ట్రైనింగ్ ద్వీపం పులావ్ టెకాంగ్‌లో 9 వారాలు, చివర్లో 24 కిలోమీటర్ల మార్చ్. ఆ తెల్లవారుజామున నా కాళ్లకి నేను పెట్టిన దండాలు మా ఇంటి దేవుడికి కూడా ఎప్పుడూ పెట్టలేదు.

మీ వాడితో ఒక మాట చెప్పండి. బీ1 వచ్చినా గార్డ్స్ వస్తుందని గ్యారంటీ లేదు. ఇష్టాలు రాయమని ఫారం ఇస్తారు, కానీ పోస్టింగ్ వాళ్ల అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆర్మీ అనుకున్న నా క్లాస్‌మేట్ పోలీసుకి వెళ్లాడు, ఇంకొకడు ఫైర్ సర్వీసుకి. వాళ్లని ఎవరూ అడగలేదు.

స్టోర్‌మన్ అన్నయ్య
నేను రెండు వైపులా చూసినవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకండి.

నేనూ బీ1తోనే వెళ్లాను. ఇన్‌ఫాంట్రీ యూనిట్‌లో ఐదో నెల, వీపు మీద మూట, కింద బురద, మోకాలు మెలిపడింది. మొదట రెండు రోజులు లైట్ డ్యూటీ. తర్వాత పరుగు, మార్చ్, గెంతడం మూడూ వద్దని స్టేటస్. ఆ చీటీ జేబులో ఉన్నన్నాళ్లూ మిగతావాళ్లు చూసే చూపు ఉంటుందే, అది మోకాలి కన్నా ఎక్కువ నొప్పి. అక్కడ చైనీస్ మాట ఒకటుంది, చావ్ కెంగ్ అంటారు. మన బళ్లో లెక్కల పరీక్ష రోజు కడుపునొప్పి వచ్చేవాడు గుర్తున్నాడా, వాణ్ణే. స్కాన్‌లో లిగమెంట్ తెగిందని తేలాక గానీ నన్ను ఆ పేరుతో పిలవడం ఆగలేదు. మెడికల్ బోర్డు నన్ను సీకి దింపింది. ఆపరేషన్ అయ్యాక అదే క్యాంపులో స్టోర్‌కి వచ్చాను.

ఎన్ఎస్ కుర్రాళ్ల నోట స్టోర్‌మన్, క్లర్క్, డ్రైవర్ ఈ మూడూ కలిపి ఒక్క మాటలా వస్తాయి. ఆ మాట అన్నప్పుడు ఒక చిన్న నవ్వు కూడా ఉంటుంది. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే. స్టోర్‌లో ఏం చేశానంటే, లెక్క. హెల్మెట్లు, నీళ్ల సీసాలు, టెంట్లు, పారలు, దుప్పట్లు. ఒక్కొక్కడి పేరున ఏం ఇచ్చామో 1206 కార్డులో రాసి ఉంటుంది, తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కటి తగ్గినా గొడవే. ఆడిట్ వారంలో రాత్రి పదకొండు దాకా లెక్కపెట్టాం. ఒక పార తక్కువ వచ్చింది. ఆ పార కోసం వెతికిన వెతుకులాటలో ఎప్పుడో పోయిన మూడు దొరికాయి, అసలుది మాత్రం దొరకలేదు.

కంపెనీ అడవిలోకి ఫీల్డ్‌కి వెళ్తే మేమూ ట్రక్కులో వెళ్లేవాళ్లం, నీళ్లు, రేషన్, బ్యాటరీలతో. ఎండలో తొమ్మిది గంటలు నడిచి వచ్చినవాడికి చల్లటి నీళ్లు ఇచ్చినప్పుడు వాడు మన గ్రేడ్ అడగడు. అక్కడ సెక్షన్ లీడర్ కన్నా స్టోర్‌మన్‌తో స్నేహం ముఖ్యమని అందరికీ తెలుసు. కొత్త సాక్సులు కావాలంటే ఎవరి దగ్గరికి రావాలి మరి!

బాధ లేదని అబద్ధం చెప్పను. మా ప్లాటూన్ పరేడ్ చేస్తుంటే నేను పక్కన కుర్చీలు సర్దుతూ నిలబడ్డాను. ఆ రోజు ఇంటికి ఫోన్ చేయలేదు.

మాధవరం మామయ్య
నేను ఇండియన్ ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యాను, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారు కదా, అదే. మా అక్క కొడుకు సింగపూర్‌లో ఉంటాడు, వాడు పంపిన లింకు చూసి రాస్తున్నాను.

మాకూ ఇలాంటి గ్రేడు ఉంది బాబూ, షేప్ అంటాం. మనసు, వినికిడి, కాళ్లూ చేతులూ, ఒంటి సత్తువ, కంటిచూపు, ఈ ఐదింటికీ నంబరు వేస్తారు. అన్నిట్లో ఒకటి ఉంటే షేప్ వన్. ఏదైనా తేడా వస్తే "కేటగిరీ అయ్యాడు" అంటాం. మా రెజిమెంట్‌లో కేటగిరీ అయిన నాయక్ ఒకడు కోత్‌లో ఉండేవాడు, అంటే ఆయుధాలు పెట్టే గది. అతని చేతి మీదుగా వెళ్లిన రైఫిల్ ఏదీ మొరాయించింది లేదు. కొండ మీద నిలబడ్డ మాకు ఆ సంగతి బాగా తెలుసు.

పుంగోల్ బాబూ, మీ నాన్నగారికి "మనవడు మిలటరీలో చేరుతున్నాడు" అన్న మాట మార్చాల్సిన పని లేదు. అబద్ధం ఏముంది అందులో?

స్టోర్‌మన్ అన్నయ్య
మామయ్య గారూ, ఇక్కడ ఆ గదిని ఆర్మ్స్‌కోట్ అంటారు! ఆ కోట్ ఎక్కడిదా అని రెండేళ్లూ అనుకున్నాను. మీ కోతే అన్నమాట.

సెంగ్కాంగ్ అమ్మ
పుంగోల్ అన్నయ్య గారూ, మీరు ఫారంలో ఆస్తమా రాసి మంచి పని చేశారు. మేం రాయలేదు.

మావాడికి పదేళ్లు వచ్చాక ఇన్‌హేలర్ అవసరం పడలేదు. కాలేజీలో ఒకసారి దగ్గు ఎక్కువై వాడాడు, అంతే. ఫారం నింపేటప్పుడు "అమ్మా, ఇది రాస్తే నన్ను క్లర్క్ చేస్తారు" అన్నాడు. వాళ్ల నాన్న కూడా తగ్గిపోయింది కదా అన్నారు. నేను సంతకం పెట్టాను. బీ1 వచ్చింది. స్వీట్లు పంచాం.

టెకాంగ్‌లో మూడో వారం రాత్రి ఊపిరి ఆడలేదు. పక్క బెడ్ అబ్బాయి, మలయ్ కుర్రాడు, పరిగెత్తి సార్జెంట్‌ని లేపాడు. సమయానికి మెడికల్ సెంటర్‌కి తీసుకెళ్లారు, దేవుడి దయ. మాకు ఫోన్ వచ్చినప్పుడు తెల్లవారుజాము నాలుగు. ద్వీపం కదా, మేం వెళ్లడానికి లేదు. ద్వీపానికి ఇవతలి ఒడ్డు వైపున్న పాసిర్ రిస్ దాకా టాక్సీలో వెళ్లి, ఎందుకు వచ్చామో తెలియక బస్టాండులో కూర్చున్నాం.

తర్వాత వాణ్ణి కోర్సు నుంచి తీసేసి, పరీక్షలన్నీ మళ్లీ చేసి సీలో వేశారు. ముందే రాసి ఉంటే వాడికి సరిపడే ట్రైనింగ్‌లో మొదటి రోజు నుంచే ఉండేవాడు. నెలల తరబడి ఎటూ కాకుండా ఉండిపోయాడు. తప్పు మాదే, ఎవర్నీ అనడానికి లేదు.

వచ్చే ఏడాది నేను
నా సమస్య రివర్స్. నాకు పెస్ తగ్గాలి, క్లర్క్ అయితే సాయంత్రం ఇంటికి వచ్చేయొచ్చట కదా. వెన్నునొప్పి అని చెప్తే కుదురుతుందా? ఎలా చెప్పాలో ఎవరైనా చెప్తారా?

బీ1 బ్యాచ్ 2016
తమ్ముడూ, వద్దు. జబ్బు నటించడం అక్కడ సైనిక చట్టం కింద నేరం. అది పక్కన పెట్టినా, రోజుకి వంద నడుములు చూసే మిలటరీ డాక్టర్ ముందు నీ నటన ఎంతసేపు? నీలాంటివాళ్ల వల్లే స్టోర్‌మన్ అన్న మోకాలు తెగినా ఎవరూ నమ్మలేదు.

ఇంకోటి, క్లర్క్ అంటే రోజూ ఇంటికి రావడం అనేది ఏ క్యాంపు, ఏ ఆఫీసు అన్నదాన్ని బట్టి. గార్డు డ్యూటీలు, వీకెండ్ డ్యూటీలు వాళ్లకీ పడతాయి.

సియోల్ పీహెచ్‌డీ
కొంచెం పక్కదారి. కొరియాలో కూడా ఇదే కథ, అక్షరాల బదులు అంకెలు. 1 నుంచి 3 వస్తే యూనిఫాం. 4 వస్తే సైన్యం బదులు ప్రజాసేవ పని. 7 అంటే మళ్లీ రమ్మని, మీ డీ లాంటిదే. మా ల్యాబ్‌లో ఒకతనికి 4 వచ్చింది, మెట్రో స్టేషన్లో ముసలివాళ్లకి టికెట్ మెషిన్ చూపించడం అతని దేశసేవ. సోజు తాగిన రోజు మాత్రం నాకు నడుం బాగుంటే మెరైన్స్‌కి వెళ్లేవాణ్ణి అంటాడు. అన్ని చోట్లా మగపిల్లల బాధ ఒకటేలా ఉంది.

బీ1 బ్యాచ్ 2016
అసలు ప్రశ్న మిగిలిపోయింది. అన్నా, మళ్లీ చూడమని అడగొచ్చు. స్పెషలిస్ట్ డాక్టర్ దగ్గర కొత్త రిపోర్టు ఉంటే పెట్టుకోండి. కానీ ఊదే పరీక్ష వాళ్లే చేయించాక కూడా సీ2 వచ్చిందంటే, నా ఉద్దేశం, ఊపిరితిత్తులు చెప్పిందే రాశారు. ఆశ పెట్టి పంపకండి.

ఈ అక్షరాలు కూడా ఎంతో కాలం ఉండవు. 2027 అక్టోబరు నుంచి పెస్ తీసేసి కొత్త పద్ధతి తెస్తున్నారు. ఒక జబ్బు ఉందని ఫలానా గడిలో పడేయడం కాకుండా, ఆ మనిషి ఏ పనులు చేయగలడో చూసి వేస్తారట. ఇప్పుడు చాలా ఉద్యోగాలు రైఫిల్ మోసుకుని పరిగెత్తేవి కాదు, స్క్రీన్ ముందు కూర్చునేవి. ఆస్తమా ఉన్నవాడు డ్రోన్ నడపలేడా? మీ వాడికి మాత్రం పాత పద్ధతే, కొంచెంలో తప్పిపోయింది.

సెంగ్కాంగ్ అమ్మ
భోజనం గురించి ఎవరూ చెప్పలేదు. శాకాహారం అడిగితే ఇస్తారు, ఫీల్డ్ రేషన్ ప్యాకెట్లలో కూడా ఉంటుంది. మావాడు పప్పు అని నమ్మి తెరిచింది పప్పు కాదు, అది వేరే కథ. చేరిన రోజు తల్లిదండ్రులని కూడా తీసుకెళ్లి పడకలు చూపించి భోజనం పెడతారు. ఏడవకండి, పిల్లలకి సిగ్గు.

పుంగోల్ నాన్న
ఆరు నెలలైంది, అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను.

రివ్యూకి పెట్టాం. వాడి కోసం పెట్టాను, నాకు నమ్మకం లేకపోయినా. మళ్లీ సీ2నే వచ్చింది. ఈసారి తలుపు వేసుకోలేదు. సెంగ్కాంగ్ అమ్మ గారు రాసింది వాడికి చదివి వినిపించాను. తెలుగు చదవడం రాదు వాడికి, ఇక్కడ బళ్లో రెండో భాష హిందీ. టాక్సీలో పాసిర్ రిస్ వెళ్లారన్న చోట "మళ్లీ చదువు" అన్నాడు.

ట్రైనింగ్ అయిపోయింది. పోస్టింగ్ ట్రాన్స్‌పోర్ట్ ఆపరేటర్. డ్రైవర్ అన్నమాట. ఇక్కడ కారు ఖరీదు మీకు తెలుసు, నా బండి తాళాలు వాడికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు, పార్కింగ్‌లో వెనక్కి తీయడానికి కూడా. ఇప్పుడు వాడు ఐదు టన్నుల ట్రక్కు నేర్చుకుంటున్నాడు. మొన్న శనివారం నేను కారు రివర్స్ చేస్తుంటే పక్కన కూర్చుని "నాన్నా, అద్దం చూడు" అన్నాడు.

ఊళ్లో మా నాన్నకి ట్రక్కు పక్కన నిలబడ్డ ఫొటో పంపుదామంటే, క్యాంపులో ఫొటోలు తీయకూడదని చెప్పాడు. ఆ సంగతి విని ఆయన ఇంకా పొంగిపోయారు. రహస్య ఉద్యోగం అని చెప్తున్నారట ఇప్పుడు.

మాధవరం మామయ్య
చెప్పనివ్వు బాబూ. ట్రక్కు వెనక్కి తీసేటప్పుడు కింద ఒక మనిషిని నిలబెట్టి సైగ చేయించుకోమను, అద్దం ఒక్కటీ చాలదు.