గొంతు రోగుల ప్రశ్నావళి: ఉన్నది వాడుకోవాలా, మనమే రాసుకోవాలా?

కర్నూలు_థెరపిస్ట్:
గొంతు బొంగురుపోయిందని వచ్చేవాళ్లకు ఇవ్వడానికి ప్రశ్నావళి తయారు చేస్తున్నాం. గొంతు వల్ల పడే ఇబ్బందిని రోగినే అడిగి కొలిచే వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్ అనే ప్రశ్నావళి 1997లో వచ్చింది, 30 ప్రశ్నలు. 2004లో 10కి కుదించారు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు; 40కి 11 దాటితే ఇబ్బంది ఉన్నట్టు లెక్క. ఆ పదీ తెలుగు చేస్తే చాలని మా సీనియర్ అంటున్నారు. నాకేమో మన రోగులను అడిగి మొదటినుంచీ రాయాలనుంది.

అనంత_ఈఎన్‌టీ:
రాయడం తేలికే, నిలబెట్టడం కష్టం. రోగులతో మాట్లాడి ప్రశ్నలు పోగెయ్యాలి, పనికిరానివి ఏరెయ్యాలి. గొంతులో మార్పు లేని మనిషి పదిరోజుల తర్వాత కూడా అవే జవాబులిస్తాడా చూడాలి. గొంతు బాగున్నవాళ్లతో పోల్చాలి. ఏళ్లు పడుతుంది. పాతదైతే వేరే ఊళ్ల మార్కులతో పోల్చుకోవచ్చు.

ఆదోని_టీచర్:
ఆ పదింటిలో గొంతు వల్ల సంపాదన తగ్గిందా అని ఒకటుంది కదా. నాది సర్కారు బడి. గొంతు పోయినా జీతం పడుతుంది, సున్నా పెడతాను. కర్నూలు యార్డులో ఉల్లిగడ్డల వేలానికి కేకలేసే ఆయన నాలుగు పెడతాడు. ఆయన జబ్బు నాకన్నా పెద్దదా?
ఇంకోటి సార్, ఓపీ ఉండేది పొద్దున. పొద్దున నా గొంతు గంటలా ఉంటుంది, మధ్యాహ్నం పీరియడ్లలోనే పోయేది. మే నెలలో అడిగితే నాకు జబ్బే లేదంటాను.

అనంత_ఈఎన్‌టీ:
ఆ మార్కు జబ్బును కొలవదు మేడం, జబ్బు వల్ల బతుకులో పడే ఇబ్బందిని కొలుస్తుంది. జబ్బేదో తేల్చేది స్కోపు, అంటే గొంతు లోపల చూసే పరికరం. బొంగురు నాలుగు వారాలైనా తగ్గకపోతే గొంతులోకి చూడాల్సిందేనని 2018 అమెరికా మార్గదర్శకాలు చెప్తున్నాయి. బీడీలు తాగేవాళ్లయితే అన్నాళ్లు కూడా ఆగొద్దు. పొద్దున, సాయంత్రం సంగతి మాత్రం ఒప్పుకుంటా.

కడప_నాటకాలు:
1885లో సురభి నాటకాలు పుట్టిన జిల్లా మాది. మాట్లాడితే నా గొంతుకు ఏమీ కాదప్పా. పద్యం చివర రాగం పైకి తీసినప్పుడే తెగిపోతాది. మాట గురించే అడిగితే నా బాధ మీకెట్ల దొరుకుతాది?

కర్నూలు_థెరపిస్ట్:
పాడేవాళ్లకు వేరే ఉందన్నా, 2007లో చేశారు. 36 ప్రశ్నలు.

కడప_నాటకాలు:
36ఆ! రంగు పూసుకునేదానికే టైము చాలదు మాకు.

కర్నూలు_థెరపిస్ట్:
సరే, ఇలా చేస్తే? ఆ పదీ ముట్టుకోకుండా ఉంచుతాం. రెండో కాగితం మనది: ఏం పని, రోజుకు ఎన్ని గంటలు గట్టిగా మాట్లాడతారు, ఏ పూట పోతుంది, సెలవుల్లో కుదుటపడుతుందా, పాటలో తెగుతుందా మాటలోనా.

అనంత_ఈఎన్‌టీ:
ఆ మార్కులు ఈ పదింటిలో కలపనంటేనే ఒప్పుకుంటా. కలిపితే 11 అన్న గీత చెల్లదు.

ఆదోని_టీచర్:
చదువు రానివాళ్లకు ఎవరు చదివి వినిపిస్తారు? కొడుకు చదివి “గొంతు వల్ల బాధ పడుతున్నావా” అంటే ఏ తల్లయినా లేదు నాయనా అనే అంటుంది.

కర్నూలు_థెరపిస్ట్:
ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టి నర్సమ్మతో చదివించాలి. ఏ జవాబు ఎవరు చదివితే వచ్చిందో కాగితం మీద రాసుకుంటాం.