విజయవాడ నుంచి రెండు రోజుల్లో కొండల రైలు: అరకేనా, ఇంకేమైనా ఉందా?

బెజవాడ_బాటసారి

అందరికీ నమస్కారం. డిసెంబరు మొదట్లో ఒక శని, ఆదివారం ఖాళీ ఉంది. మొత్తం ఆరుగురం: అమ్మానాన్న (ఇద్దరికీ 70 దగ్గర, మోకాళ్ల నొప్పులు), ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. ఏ ఊరు చేరామన్నది కాదు, కిటికీలోంచి చూసేదే ముఖ్యం. ఎవరినడిగినా అరకు రైల్లో అద్దాల పెట్టె (విస్టాడోమ్) అంటున్నారు. రాను పోను రెండూ రైల్లోనే చేసుకోవచ్చా? విస్టాడోమ్ దొరక్కపోతే మామూలు పెట్టెలో వెళ్లినా బాగుంటుందా? ఇంకా దగ్గర్లో వేరేవి ఏమైనా ఉన్నాయా?

కేకేలైన్

అరకే పెట్టుకోండి. కాకపోతే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. కారణం సూర్యుడే. విశాఖ నుంచి కిరండూల్ ప్యాసింజర్ పొద్దున ఏడు లోపే బయల్దేరి పదకొండు ప్రాంతానికి అరకు చేరుతుంది, అంటే ఘాట్ అంతా మంచి వెలుతురులో దాటుతుంది. తిరుగు బండి అరకులో సాయంత్రం నాలుగు ప్రాంతంలో. డిసెంబరులో అయిదున్నరకే పొద్దుపోతుంది, కాబట్టి కింది ఘాట్ సగం చీకట్లోనే. పైగా ఇది ముందు బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం వేసిన లైను. 1960లలో జపాన్‌కు ఎగుమతి కోసం కట్టారు. ఖనిజం బళ్ల క్రాసింగ్‌కి ఏదో ఒక స్టేషన్లో ప్యాసింజర్‌ని అరగంట ఆపితే, ఉన్న ఆ కాస్త వెలుతురూ పోతుంది.

అసలు చూడాల్సింది బొడ్డవర దాటాకే మొదలవుతుంది. విశాఖ, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా పొలాలే, ఆ గంటన్నర పిల్లలకు టిఫిన్ పెట్టేయండి. బొడ్డవర తర్వాత శివలింగపురం, ట్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. సొరంగంలోంచి బయటపడగానే లోయ, ఇంకో మలుపు, మళ్లీ చీకటి. శిమిలిగుడలో పసుపు బోర్డు మీద సముద్రమట్టానికి 996.32 మీటర్లు అని ఉంటుంది. పై అంచు అదే, అక్కణ్ణుంచి అరకుకి బండి కాస్త దిగుతుంది.

బుకింగ్ సంగతి. పాత పోస్టుల్లోని రైలు నంబర్లు నమ్మకండి, మధ్యలో మారాయి. వీఎస్‌కేపీ (విశాఖ) నుంచి ఏఆర్‌కే (అరకు) అని వెతకండి. అక్కడ రాత్రి కిరండూల్ ఎక్స్‌ప్రెస్ కూడా కనిపిస్తుంది. దాన్ని బుక్ చేస్తే అర్ధరాత్రి వేళ ఘాట్ దాటేస్తారు, చూసేదేమీ ఉండదు. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పొద్దున ఎనిమిదికి. అద్దాల పెట్టెలో 44 సీట్లే కాబట్టి శని, ఆదివారాలకి ఆ పొద్దునే కూర్చోవాలి. ఒక టికెట్‌కి ఆరుగురి దాకా పడతారు, మీకు సరిగ్గా సరిపోయింది. శీతాకాలం రద్దీలో ప్రత్యేక రైళ్లు కూడా వేస్తుంటారు, దొరక్కపోతే వాటిమీద ఓ కన్నేయండి.

ఘాట్‌సెక్షన్

పైవారు చెప్పినదానికి రెండు చేర్పులు.

విస్టాడోమ్‌లో సీటు ఏ పక్కన వచ్చిందని బెంగ వద్దు. సీట్లు తిప్పుకోవచ్చు, కిటికీలు పెద్దవి, చివర నిలబడి చూసే చోటు కూడా ఉంటుంది. ఆ చివరి అద్దం ఉపయోగం మాత్రం పెట్టెని బండి కొసన తగిలించినప్పుడే. మధ్యలో పడితే పక్క పెట్టె గోడ చూస్తూ నిలబడాలి. కప్పుకీ అద్దాలే కాబట్టి ఎండ పైనుంచి పడుతుంది, ఏసీ ఉన్నా పెద్దవాళ్లకి టోపీ, చలువ అద్దాలు ఉంచండి.

మామూలు పెట్టె తక్కువేం కాదు. చల్లగాలి, సొరంగంలో పిల్లల కేకలు, శృంగవరపుకోట ప్లాట్‌ఫారం టీ అన్నీ అందులోనే. ఏ పక్క కూర్చోవాలంటే, వెళ్లేటప్పుడు కుడివైపు అని ఎక్కువమంది చెప్తారు. లైను మెలికలు తిరుగుతుంది కాబట్టి లోయ రెండువైపులా మారుతూ వస్తుంది. సీటు నంబరు చూసి కుడో ఎడమో తేల్చుకోవద్దు, పెట్టె ఏ ముఖంగా తగిలించారో ఆ రోజే తెలిసేది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: సొరంగాల్లో గోడకీ పెట్టెకీ మధ్య ఎడం చాలా తక్కువ. పిల్లల్ని గుమ్మం దగ్గరికి పోనీయొద్దు, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టనీయొద్దు.

విస్టాడోమ్‌లో ఫొటోలకి ఫోన్‌ని అద్దానికి ఆనించి పట్టుకోండి. ఎడంగా పట్టుకుంటే మీ చొక్కా, సీట్ల రంగే ఫొటోలో పడుతుంది, అందుకే ముదురు రంగు బట్టలు మేలు. ఫ్లాష్ ఆపేయండి.

బెజవాడ_బాటసారి

చాలా బాగా చెప్పారండీ. మరి శుక్రవారం రాత్రి విజయవాడలో ఎక్కి, తెల్లవారుజామున విశాఖలో దిగి నేరుగా కిరండూల్ బండి అందుకుంటే? ఒక రాత్రి హోటలు ఖర్చు మిగులుతుంది. దార్లో బొర్రాలో దిగిపోవచ్చా?

వాల్తేరు_వెంకన్న

ఆ ఖర్చు మిగుల్చుకోకండి. 350 కిలోమీటర్లు వచ్చే రాత్రి బండి ఒక గంట ఆలస్యమైతే మీ ప్రయాణం మొత్తం పోతుంది. శుక్రవారం సాయంత్రానికే విశాఖ చేరి స్టేషన్ దగ్గర్లో పడుకోండి. తప్పనిసరైతే ఐఆర్‌సీటీసీలో కనెక్టింగ్ జర్నీ కింద రెండు పీఎన్ఆర్‌లు కలిపి బుక్ చేయండి. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పితే, రెండోదాని డబ్బు వాపసు అడగొచ్చు. అలా కలపని టికెట్లకి ఆ దారి లేదు. ఇంకో మెలిక: కొన్ని దూరప్రయాణం బళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి బైపాస్ మీదుగా వెళ్లిపోతాయి. బుక్ చేసేముందు చివరి స్టేషన్ ఏదో చూసుకోండి.

బొర్రాలో ఆగడం రెండు మూడు నిమిషాలే, సామాను గుమ్మం దగ్గరికి ముందే చేర్చుకోవాలి. కానీ మీ అమ్మగారూ నాన్నగారూ ఉంటే అక్కడ దిగొద్దు. గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, తడి ఉంటుంది, జారుతుంది. నేరుగా అరకు వెళ్లి శనివారం రాత్రి ఉండండి. ఆదివారం కారు మాట్లాడుకుని అనంతగిరి, బొర్రా, శృంగవరపుకోట మీదుగా కిందికి రండి. మీరు పిల్లల్ని తీసుకుని గుహల్లోకి వెళ్తే పెద్దవాళ్లు పైన కూర్చుంటారు. ఆ రోజుల్లో వలిసె పూలు ఉంటే దారిపక్క పొలాలు పచ్చగా కాదు, పసుప్పచ్చగా ఉంటాయి.

విశాఖ నుంచి తిరుగు బండి ఆదివారం రాత్రి తొమ్మిది తర్వాతదే తీసుకోండి. ఘాట్ రోడ్డు మీద ఆదివారం సాయంత్రం కార్లన్నీ ఒక్కసారే దిగుతాయి.

నల్లమల_పట్టాలు

అరకు దొరక్కపోతే నల్లమల ఉంది. గుంటూరు–నంద్యాల లైనులో గిద్దలూరు, దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె మధ్య అడవే అడవి. ఇదివరకటి మీటర్ గేజ్ లైనుది, ఇప్పుడు వాడకంలో లేని దొరబావి వంతెన కూడా ఆ కొండల్లోనే ఉంది. ఇక్కడ అద్దాల పెట్టెలు లేవు. ఆ ముక్క పగటిపూట దాటే బండినే ఎంచుకోవాలి. టైంటేబుల్‌లో దిగువమెట్ట, గాజులపల్లెల వేళ చూస్తేనే తేలుతుంది, ఎందుకంటే ఈ లైనులో రాత్రి తిరిగేవి చాలా ఉన్నాయి. వానలు వెళ్లాక, అక్టోబరు నుంచి జనవరి దాకా బాగుంటుంది, మార్చికల్లా ఆకు రాలిపోతుంది.

ఒక్కరోజే కావాలంటే రాజమండ్రి చాలు. గోదావరి మీద ఇప్పుడు రైళ్లు తిరిగే వంతెనలు రెండు. 1974 నాటి రోడ్డు–రైలు వంతెనలో బండి రోడ్డు కింద ఇనుప దూలాల మధ్యగా పోతుంది, నీళ్లు గళ్లు గళ్లుగానే కనిపిస్తాయి. 1997లో తెరిచిన ఆర్చి వంతెన మీద అలా కాదు, నది విడిగా కనిపిస్తుంది. ఏ వంతెన వస్తుందో మన చేతిలో లేదు.

ఘాట్‌సెక్షన్

నల్లమలకి పగటి బండి అయితే నాదీ ఓటు, కానీ 70 ఏళ్ల వాళ్లతో ప్యాసింజర్‌లో అన్ని గంటలు వద్దు. ఇంకోటి, అరకు టికెట్ ఖాయమయ్యాక వారం ముందు నుంచీ వాతావరణం చూస్తూ ఉండండి. డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో తుపాను లేస్తే ఘాట్‌లో రాళ్లు జారుతాయి, బండిని రద్దు చేయడమో దారిలో ఆపేయడమో చేస్తారు. అరకు హోటలు డబ్బు వాపసిచ్చే పద్ధతిలోనే బుక్ చేసుకోండి.